బాబ్జాన్ డాక్టరు గారిని గుర్తుపట్టని సర్వరు

బాబ్జాన్ డాక్టరు గారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఆ మనిషేనని రుజువైతే తప్ప నమ్మరు.

పేరేమిటని లోకమంతా అడుగుతుంది. చెబితే సరేనని ఊరుకుంటుంది. డాక్టరు గారి దగ్గర పేరు చెప్పాకే అసలు కథ మొదలు. "కిరణ్‌కుమార్ అంటున్నావు. బాగుంది. నువ్వు కిరణ్‌కుమార్‌వేనని ఏమిటి రుజువు?" అంటారు. అదీ కోపంగా కాదు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఎంతో మర్యాదగా అడుగుతారు. అందుకే ఒళ్ళు మరీ మండేది.

ఆయన పశువుల డాక్టరు. ఇల్లు పటమటలో, మా వీధిలోనే. పశువుల డాక్టరుకి మనుషులతో ఏం పని అంటారేమో, ఆయన గెజిటెడ్ ఆఫీసరు కూడాను. విజయవాడలో ఇళ్ళకంటే కాలేజీలు ఎక్కువ, కాలేజీలకంటే అప్లికేషన్లు ఎక్కువ. ఏ అప్లికేషన్‌కైనా మార్కుల జాబితా జిరాక్సు జతచెయ్యాలి. ఆ జిరాక్సు మీద 'అసలు కాగితం నేను చూశాను' అని ఒక గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి ముద్ర వెయ్యాలి. మిగతా ఆఫీసర్లు ఎలా పెట్టేవారో మీకూ తెలుసు. ఒకాయనైతే టీవీలో క్రికెట్ చూస్తూ, కాగితం వంక చూడకుండా, ఓవరుకి పాతిక సంతకాలు పెట్టేవాడు. పిల్లలంతా ఆయన దగ్గరికే పరిగెత్తేవాళ్ళు. ఆయన ఊళ్ళో లేనప్పుడు మాత్రం గత్యంతరం లేక బాబ్జాన్ గారి గుమ్మం ఎక్కేవాళ్ళు.

తొంభై ఎనిమిదిలో ఇంటర్ పాసయ్యాక నేనూ అలాగే ఎక్కాను.

"ఇది నీ ఫొటోనేనా?"

"అవునండి."

"ఇందులో మీసం లేదే?"

"అప్పటికి రాలేదండి."

"ఇప్పుడు మాత్రం ఎక్కడొచ్చింది?" అని డాక్టరు గారు భూతద్దం తీశారు.

మీసం సంగతి తేలాక జిరాక్సునీ అసలు కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, స్కేలు కిందికి జరుపుతూ ఒక్కో లైనూ చదివారు. ఆ తర్వాత ప్రశ్నలు. అమ్మమ్మగారి ఊరేది? నాన్న ఏం చేస్తాడు? ఆటోనగర్లో లేత్ షెడ్డు అంటే ఎన్నో రోడ్డు? ఇంట్లో చదువుకునేది ఎక్కడ కూర్చుని? హిందీలో నలభై రెండే ఎందుకొచ్చాయి? ఆరో తరగతిలో క్లాసు టీచరెవరు? జవాబులన్నీ ఒక పొడుగాటి నోటు పుస్తకంలో రాసుకున్నారు. పొద్దున్న ఎనిమిదికి వెళ్ళినవాణ్ణి పదకొండుకి బయటపడ్డాను. నా గురించి మా నాన్నకి కూడా అన్ని సంగతులు తెలియవు.

"సార్, ఒక్క సంతకానికి ఇదంతా ఎందుకండి?" అని ఉక్రోషంగా అడిగాను.

"నీ కాగితం మీద నా పేరుంటుంది. రేపు ఎవరైనా 'ఎవరయ్యా ఈ అబ్బాయి' అని నన్నడిగితే తెలీదనమంటావా?"

"ఎవరూ అడగరండి."

"అడిగితే?"

రెండేళ్ళపాటు ఆయన కనిపిస్తే సందు మార్చి వెళ్ళాను.

గేదెలకి కూడా మినహాయింపు లేదు. పాలమ్ముకునే పున్నమ్మ తన గేదెకి బీమా చేయించుకుందామని ఆయన దగ్గరికి తోలుకొచ్చింది. "ఇది నీ గేదేనని ఏమిటి రుజువు?" అన్నారు డాక్టరు గారు. "నన్నడుగుతారేంటయ్యా, దాన్నే అడగండి" అంది పున్నమ్మ. ఆయనకి ఆ మాట న్యాయంగా తోచింది. పున్నమ్మని వీధి మలుపు అవతల నిలబడి పిలవమన్నారు. ఆవిడ పిలిచింది. గేదె అడ్డొచ్చిన బల్లనీ, కాగితాలనీ, డాక్టరు గారినీ తోసుకుంటూ వెళ్ళి పున్నమ్మ నెత్తి నాకింది. కిందపడ్డ డాక్టరు గారు లేవకుండానే, "రుజువైంది" అని రాసుకున్నారు.

ఇంట్లో నజీరా గారు ఆయనకి సరైన జోడీ. ఒకరోజు ఆయన తలుపు కొడితే, "ఎవరూ?" అంది ఆవిడ లోపల్నుంచి.

"నేనే."

"నేనంటే ఎవరు? ఏమిటి రుజువు?"

ఆవిడ ఎగతాళికే అడిగింది. ఈయన గుమ్మం బయట నిలబడి శ్రద్ధగా ఆలోచించి, "మన పెళ్ళిలో బిర్యానీ అడుగంటింది. మీ మామయ్య తినకుండా వెళ్ళిపోయాడు" అన్నారు. వీధంతా విన్నది. తలుపు వెంటనే తెరుచుకుంది. ఇప్పటికైనా పెళ్ళానికి బుద్ధొచ్చిందని ఆయన పొంగిపోయారట.

రెండువేల నాలుగులో నేను బందరు రోడ్డులో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో చేరాను. కనెక్షన్లు పెట్టడం, చెడిపోతే ఫోన్లో తిట్లు తినడం నా ఉద్యోగం. ఆ వేసవిలోనే డాక్టరు గారు కంప్యూటర్ కొని, ఫోను లైను మీద ఇంటర్నెట్ పెట్టించుకుంటానన్నారు. నేనే వెళ్ళాను.

"నువ్వు ఆ కంపెనీ మనిషివేనని ఏమిటి రుజువు?"

"సార్, నేను కిరణ్‌ని. మీ వీధే."

"వీధి సంగతి కాదు, కంపెనీ సంగతి అడుగుతున్నాను" అని మా ఆఫీసుకి ఫోన్ చేశారు. ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సినవాణ్ణి నేనే. ఆయనకి ఎదురుగా నిలబడి ఉన్నాను.

ఎలాగైతేనేం, ఈ-మెయిల్ వచ్చింది. ఆయనకి అది తెగ నచ్చేసింది. ఎంత నచ్చిందంటే రబ్బరు స్టాంపు కొత్తది చేయించి, పేరూ డిగ్రీ హోదా కింద మెయిల్ అడ్రసు కూడా చెక్కించుకున్నారు. "ఈ ముద్ర మీద ఎవరికైనా అనుమానం వస్తే, ఉత్తరం రాసి నన్నే అడగొచ్చు" అన్నారు. ముద్ర వంక చూసి ఉత్తరాలు రాసేవాడెవడని నేను ఆఫీసులో చెప్పి చెప్పి నవ్వించాను.

ఇక సర్వరు సంగతి. అప్పటిదాకా మా కంపెనీ మెయిల్ సర్వరు వీధిలో పోస్టు డబ్బా లాంటిది. ఎవరొచ్చి ఏ ఉత్తరం పడేసినా తీసుకుపోయేది. ఎక్కడివాళ్ళో దాంట్లోంచి లక్షల కొద్దీ లాటరీ ప్రకటనలు పంపడం మొదలుపెట్టారు. దాంతో జూలై నుంచి మెయిల్ పంపాలంటే పేరూ పాస్‌వర్డూ చెప్పాల్సిందేనని కంపెనీ నిబంధన పెట్టింది. వచ్చే మెయిళ్ళకి ఇబ్బంది లేదు, పోయేవాటికే ఈ తనిఖీ. కస్టమర్లందరికీ నోటీసు పంపాం. నోటీసు చదివే అలవాటు కస్టమర్లకి లేదు కాబట్టి జూలై ఒకటిన నా ఫోను మోగడం మొదలెట్టి ఆగలేదు.

"కిరణ్, మీ సర్వరు నా ఉత్తరం తీసుకోనంటోంది" అన్నారు డాక్టరు గారు.

"కొత్తగా అథెంటికేషన్ పెట్టాం సార్. పంపుతున్నది మీరేనని దానికి రుజువు కావాలి."

"ఏమన్నావు?"

"మీరు మీరేనని రుజువండి."

ఆరేళ్ళ పగ తీరింది నాకు. ఇప్పుడు తెలుస్తుంది ఈయనకి అని కుర్చీలో వెనక్కి వాలాను. ఆయన గొంతు మాత్రం ఆనందంతో వణికింది.

"ఎంత మంచి పద్ధతి! ఇన్నాళ్ళూ లేకుండా ఎలా నడిపారయ్యా? తప్పకుండా ఇస్తాను. అయితే ఒక్కమాట. అది మీ సర్వరేనని నాకేమిటి రుజువు?"

నాకు గుర్తుండి ఏ కస్టమరూ అడగని ప్రశ్న అది. మా మేనేజరు వెంకటప్పయ్య గారిని అడిగాను. "ఫోన్ పెట్టెయ్" అన్నారాయన.

మర్నాడు డాక్టరు గారు ఖాకీ కవరుతో ఆఫీసుకొచ్చారు. అందులో ఆయన ఫొటో, రేషన్ కార్డు జిరాక్సు, ఉద్యోగపు కార్డు జిరాక్సు. ప్రతిదాని మీదా ఆకుపచ్చ సంతకం. ఎవరి కాగితాల మీద వాళ్ళే సంతకం పెట్టుకోకూడదు కదా, అందుకని మా వీధి చివర ఉండే తెరేసమ్మ గారి దగ్గరికి వెళ్ళారట. ఆవిడా గెజిటెడ్డే, ఇంటర్ కాలేజీలో లెక్చరరు. వాళ్ళబ్బాయి సర్టిఫికెట్లకి ఈయన మూడు రోజులు తిప్పారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. "ఫొటోలో జుట్టుంది, మీకు లేదు. మీరు మీరేనని ఏమిటి రుజువు?" అని మొదలుపెట్టి రెండు గంటలు వాయించి వదిలిందట ఆవిడ.

"చాలా సమర్థురాలు" అన్నారు డాక్టరు గారు మనస్ఫూర్తిగా. "ఇదిగో, ఇది సర్వరుకి చూపించు."

"సార్, సర్వరంటే మిషనండి. హైదరాబాదులో ఉంటుంది. కాగితాలు చూడదు."

"అయితే హైదరాబాదు పంపించు."

ఆయన వెనక నలుగురు నిలబడి ఉన్నారు. అందులో ఒకాయన అప్పటికే అరుస్తున్నాడు. "సరే సార్, చూపిస్తాను" అని కవరు డ్రాయర్లో పడేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు అన్నది ఇలాంటి సందర్భానికే. పంపడానికి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమని మా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను.

"అటు తిరుగు" అన్నారు. గోడవైపు తిరిగాను.

"రెండోసారి కూడా కొట్టమంటోందే?"

"సరిచూసుకోవడానికండి."

"రుజువుకి మళ్ళీ రుజువు! భేష్!" అనుకుంటూ కొట్టి, ఇంటికెళ్ళి ఏ గడిలో టిక్కు పెట్టాలో రాసుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం ఫోను. "టిక్కు పెట్టాను. పాస్‌వర్డ్ కొడితే మళ్ళీ అడుగుతోంది. మళ్ళీ కొడితే మళ్ళీ."

"తప్పు కొడుతున్నారు సార్. ఏమని కొడుతున్నారు?"

"అది చెప్పకూడదు కదా."

"చెప్పకపోతే ఎలా తెలుస్తుందండి?"

"చెబితే దాన్ని పాస్‌వర్డ్ అని ఎలా అంటారు?"

ఇలా ఐదు రోజులు. రోజుకి రెండు ఫోన్లు. ఇంటికెళ్ళి చూస్తే పోయేది, కానీ ఆయనింటికి వెళ్తే బయటపడేదెప్పుడో నాకు తెలుసు. ఆరో రోజు ఆయన మెల్లిగా అడిగారు.

"కవరు సర్వరుకి చూపించావా?"

"చూపించాను సార్."

"ఏమంది?"

నోటికొచ్చింది అనేశాను. "పరిశీలిస్తోందండి."

"అలాగా. అయితే తొందరపెట్టకు, పరిశీలించనీ" అన్నారు. ఆ తర్వాత మూడు రోజులు ఫోన్ లేదు. పీడా విరగడైందనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం మూడుంపావుకి మళ్ళీ మోగింది. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే తీరుబడి లేదు.

"కిరణ్, సర్వరు పరిశీలన ఎంతవరకొచ్చింది? నాలుగింటికల్లా తేలాలి నాయనా."

సంగతేమిటంటే, శివపార్వతి అని పెడన అమ్మాయి. తండ్రి సత్యం మగ్గం నేస్తాడు. పటమటలో మేనత్త ఇంట్లో ఉండి ఇంటర్ చదివింది. సేలంలో ఒక కాలేజీలో చేనేత డిప్లొమాలో సీటొచ్చింది. అంతదూరం ఎప్పుడూ వెళ్ళని తండ్రీ కూతుళ్ళు రైలెక్కారు. దారిలో పెట్టె పోయింది, అసలు సర్టిఫికెట్లన్నీ అందులోనే. మిగిలినవి పులిహోర డబ్బా సంచిలో పెట్టుకున్న జిరాక్సులు. చేరడానికి ఆవేళే ఆఖరి రోజు. అక్కడి సూపరింటెండెంటు జిరాక్సుల మీద డాక్టరు గారి ముద్ర చూసి, "ఈ ఆఫీసరు అసలు కాగితాలు చూశానని నాలుగింటిలోపు రాసి పంపితే సీటు ఆపుతాను. డూప్లికేట్లు నెలలో తేవాలి. లేకపోతే సీటు తర్వాతవాళ్ళకి ఇచ్చేస్తాను" అన్నాడట. ఫ్యాక్సు పంపుదామంటే వాళ్ళ మిషను చెడిపోయి వారమైంది. "ముద్రలో మెయిల్ అడ్రసు ఉందిగా, దాన్నుంచే రావాలి" అన్నాడట.

"గంటనుంచి కొడుతున్నాను. వెళ్ళడం లేదు" అన్నారు డాక్టరు గారు.

డ్రాయర్ తెరిచాను. ఖాకీ కవరు బిస్కెట్ పొట్లం కింద అలాగే ఉంది. చెప్పొద్దూ, సిగ్గేసింది. మోపెడ్ మీద బెంజి సర్కిల్ దాటి పటమట చేరేసరికి మూడున్నర.

డాక్టరు గారు కంప్యూటర్ ముందు చెమటలు కక్కుతున్నారు. పక్కన నజీరా గారు విసనకర్రతో విసురుతోంది. లైను మీద ఉండగా ఎవరైనా ఎత్తితే కనెక్షన్ పోతుందని ఫోన్‌ని ఒళ్ళో పెట్టుకుని కాపలా కూడా ఆవిడే.

"సార్, అయిదు నిమిషాల్లో కొత్తగా ఉచిత మెయిల్ ఒకటి తెరిచి, దాంట్లోంచి పంపేద్దాం."

"బాబ్జాన్ అనే పేరుతో అది నువ్వూ తెరవొచ్చు, దొంగా తెరవొచ్చు. ఆ సూపరింటెండెంటు స్థానంలో నేనుంటే ఒప్పుకోను" అన్నారు. నిజమే, ఒప్పుకోరు. సేలంలోనూ ఒక బాబ్జాన్ గారు దొరికారు ఆ పిల్ల ప్రాణానికి.

టిక్కు సరిగ్గానే ఉంది. సర్వరు పేరు సరిగ్గానే ఉంది. "పాస్‌వర్డ్ కొట్టండి" అన్నాను. గోడవైపు తిరిగాను. కొట్టారు. పోలేదు. మళ్ళీ కొట్టారు. పోలేదు. మూడు నలభై.

"సార్, పాస్‌వర్డ్ నాకు చెప్పాలి."

ఆయన నా వంక చూశారు, గడియారం వంక చూశారు, ఆవిడ వంక చూశారు.

"నజీరా, నువ్వు కాసేపు వంటింట్లోకి వెళ్ళు."

"ఫోన్ ఒదిలి నేనెక్కడికీ వెళ్ళను. పిల్ల సీటు పోతోంది, చెప్పండీ!"

ఆయన నా చెవి దగ్గర నోరు పెట్టి గొణిగారు. నవ్వాపుకుని కొట్టాను. చుక్కలు పడ్డాయి. సర్వరు పొమ్మంది. అక్షరాలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూద్దామని ఖాళీ పేజీ తెరిచి అదే మాట కొట్టాను. తెర మీద ఇంత లావున 'నజీరా' అని ఇంగ్లీషులో పడింది. అన్నీ పెద్దక్షరాలే.

"నా పేరెందుకు కొడుతున్నావయ్యా?" అంది ఆవిడ. డాక్టరు గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"సార్, కీ బోర్డు మీద పెద్దక్షరాల మీట నొక్కి ఉంచారేంటండి?"

"మరి? ఏ అప్లికేషనైనా పెద్దక్షరాల్లో నింపాలని ప్రతి ఫారం మీదా అచ్చేసి ఉంటుందిగా. మొదటి రోజే నొక్కాను. మళ్ళీ ముట్టుకోలేదు."

మా ఆఫీసు కంప్యూటర్లో పెట్టుకున్నది చిన్నక్షరాల నజీరా. ఇంట్లో పదిరోజులుగా కొడుతున్నది పెద్దక్షరాల నజీరా. మా సర్వరు దృష్టిలో ఇద్దరూ వేరు వేరు మనుషులు. మీట నొక్కి చిన్నక్షరాల్లో కొట్టాను. లోపలికి రానిచ్చింది.

హమ్మయ్య అనుకునేలోపు ఇంకో గండం. పోవాల్సిన మెయిళ్ళ పెట్టెలో ఒకటి కాదు, పన్నెండున్నాయి. పదిరోజులుగా రాసి పెట్టినవన్నీ వరసలో నిలబడ్డాయి. కొన్నింటికి స్కాన్ చేసిన కాగితాలు కూడా తగిలించి ఉన్నాయి. ఫోను లైను మీద మొదటిదే నత్తలా పాకుతోంది. శివపార్వతిది అన్నిటికంటే వెనక. టైము మూడు నలభై ఆరు.

"సార్, మిగతావి ఆపి ఇదొక్కటి ముందు పంపాలి. ఏవి ఆపమంటారు?"

"అన్నీ అవసరమైనవే" అన్నారు ఆయన దిగులుగా.

పంపడం ఆపేసి, ఒక్కొక్కటీ పక్కకి లాగడం మొదలెట్టాను. లాగుతుంటే ఉత్తరం కింద తెరుచుకుంటోంది. చదవకూడదనే అనుకున్నాను, కానీ అంత పెద్దక్షరాలు చదవకుండా ఉండటం కష్టం.

ఒకటి గుంటూరులో హాస్టల్ వార్డెన్‌కి. 'అఫ్జల్ అనే అబ్బాయికి ఉబ్బసం ఉంది. అప్లికేషన్లో ఆ గడి లేదు కనక రాయలేదు, నేను అడిగితే చెప్పాడు. దయచేసి కిటికీ పక్క మంచం ఇవ్వండి.' ఇంకొకటి పరీక్షల ఆఫీసుకి. 'ఇష్రత్ పుట్టిన తేదీ మీ జాబితాలో తప్పు పడింది. ఆ అమ్మాయి బడికి వెళ్ళి రిజిస్టరు నేనే స్వయంగా చూసి వచ్చాను. నకలు జతచేశాను.' మరొకటి పాలిటెక్నిక్ ప్రిన్సిపాలుకి. 'ఆటోనగర్లో పగలు పనిచేసే కుర్రవాడొకడు ఉన్నాడు. సాయంత్రం క్లాసులు ఉన్నాయా? అతను మిమ్మల్ని అడగడు, మొహమాటస్థుడు. అందుకని నేను అడుగుతున్నాను.'

ఒక్క సంతకం కోసం వెళ్ళి, మూడేసి గంటలు ప్రశ్నలకి జవాబులు చెప్పి, గుమ్మం దిగగానే ఆయన్ని తిట్టుకున్న పిల్లలు వీళ్ళంతా. నాలాంటివాళ్ళే.

చివరిది శివపార్వతిది. 'ఈ అమ్మాయిని నేను మూడు గంటలు ప్రశ్నించాను. ఒక్క అబద్ధం చెప్పలేదు. హిందీలో ముప్ఫై ఏడు వచ్చాయని తల దించకుండా చెప్పింది. ఇంట్లో రెండు మగ్గాలు. పన్నెండో ఏట నుంచి అంచు తనే నేస్తోంది. అసలు సర్టిఫికెట్లు నా కళ్ళతో చూశాను. డూప్లికేట్ల కోసం సెలవు పెట్టి రేపు హైదరాబాదు వెళ్తున్నాను. అవి రాగానే నేనే తెచ్చి మీ చేతికిస్తాను. అంతదాకా ఈ అమ్మాయి ఈ అమ్మాయేనని నా పూచీ.'

"సార్, ఒక మాట. మీ కవరు సర్వరుకి చూపించలేదండి. డ్రాయర్లో పడేశాను."

"అది తర్వాత రాసుకుంటాను. ముందు పంపు" అన్నారు.

పంపాను. తెర మీద నీలం గీత మెల్లగా నిండుతుంటే ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. మూడు యాభై ఒకటికి 'పంపబడింది' అన్నట్టు పెట్టె ఖాళీ అయింది. నజీరా గారు విసనకర్ర కింద పెట్టింది.

కనెక్షన్ తీసేసి ఫోన్ కోసం కూర్చున్నాం. నాలుగైంది. నాలుగుంపావు అయింది. డాక్టరు గారు అలా గోళ్ళు కొరకడం నేనెప్పుడూ చూడలేదు. నాలుగూ ఇరవైకి మోగింది. రెండో రింగు దాకా ఆగకుండా ఎత్తారు.

"హలో?"

"నేనండి."

ఆ ఒక్క మాటే నాకూ వినిపించింది. ఎవరు నువ్వు అని అడగలేదు, రుజువు అడగలేదు. "చెప్పమ్మా" అన్నారు. విన్నారు. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నారు.

"చేర్చుకున్నారట" అన్నారు మావైపు తిరిగి. మళ్ళీ ఫోన్లోకి, "భోజనం చేశావా? ఏం పెట్టారు? మీ నాన్నకి ఇడ్లీ దొరికిందా? హాస్టల్లో గది ఎన్నో అంతస్తు? వార్డెన్ పేరేంటి?" అని మొదలుపెట్టారు. అటువైపు ఎస్‌టీడీ బూత్ మీటరు గిర్రున తిరుగుతుంటుందని ఎవరు చెబుతారు ఆయనకి? చివరికి నజీరా గారే ఫోన్ లాక్కుని, "నంబరు చెప్పమ్మా, మేమే చేస్తాం" అంది.

ఆయన మళ్ళీ లైన్లో పడేసరికి, నేను పక్కకి లాగిన మిగతా పదకొండూ తిరిగి పెట్టెలో వేస్తూ కూర్చున్నాను. ఇందాక హడావుడిలో ఒకటి చూడలేదు. మా మేనేజరు వెంకటప్పయ్య గారికి రాసింది. తేదీ నాలుగు రోజుల క్రితంది.

'మీ ఉద్యోగి కిరణ్‌కుమార్‌ని ఇంకా పర్మనెంటు చెయ్యలేదని విన్నాను. ఇతన్ని నేను ఆరేళ్ళుగా ఎరుగుదును. నా మెయిల్ పోవడం లేదని పదిసార్లు ఫోన్ చేశాను. పదిసార్లూ ఓపిగ్గా మర్యాదగా మాట్లాడాడు. ఒక్కసారి మాత్రం, ఫోన్ పెట్టేశాననుకుని నన్ను ముసలి పిశాచి అన్నాడు. రిసీవరు సరిగ్గా పెట్టలేదు గనక నాకు వినపడింది. ఆ ఒక్కటీ మినహా ఇతని నడవడిక ఉత్తమం అని ధ్రువీకరిస్తున్నాను.'

నా మంచి కోరి రాసిన ఉత్తరాన్ని నాలుగు రోజులు ఆపింది నేను కాపలా కాస్తున్న సర్వరే. ఆ ఒక్క వాక్యం చెరిపేస్తే ఎవరికీ తెలియదు. వేలు మీట మీదికి వెళ్ళింది కూడా. డాక్టరు గారు నావైపు వీపు పెట్టి, "సాంబార్లో ముక్కలున్నాయా?" అని అడుగుతున్నారు. వేలు తీసేశాను. ఆయన ఫోన్ పెట్టేశాక కనెక్షన్ కలిపి, ఉన్నది ఉన్నట్టు పంపేశాను.

మర్నాడు పొద్దున్నే వెంకటప్పయ్య గారు పిలిచారు. బల్ల మీద ఆ మెయిల్ ప్రింటు ఉంది.

"ఏంటిది? తిట్టావా?"

"తిట్టానండి."

"మంచివాడని ఎవడైనా రాయించుకొస్తాడయ్యా. తిట్లు కూడా కలిపి రాసిచ్చేవాణ్ణి ఇదే చూడటం. ఈయన మాట నమ్మొచ్చు" అని నన్ను పర్మనెంటు చేసే కాగితాల మీద సంతకం పెట్టారు. అదే సమయానికి డాక్టరు గారు డూప్లికేట్ల కోసం హైదరాబాదు రైల్లో ఉన్నారు.